చెయ్యి తిరగాలంటే ఆడనివ్వాలి

ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ జరిగిందంటే మర్నాడు నాచారం, రామంతాపూర్ గల్లీల్లో పిల్లలు బ్యాట్లు పడతారు. తల్లిదండ్రులు కూడా ఖర్చుకు వెనకాడకుండా వారిని శిక్షణ శిబిరాల్లో చేర్పిస్తున్నారు. సంతోషించదగ్గ విషయమే. అయితే అక్కడ నేర్పే తీరు గురించి ఒక మాట చెప్పుకోవాలి.

మోచెయ్యి ఎత్తు, తల నిలుపు, కాలు ముందుకు వెయ్యి అంటూ బంతి బంతికీ ఆదేశాలిస్తే కుర్రవాడు బంతిని చూస్తాడా, తన మోచేతిని చూసుకుంటాడా? గోల్ఫ్ కొత్తగా నేర్చుకుంటున్నవారిపై గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహచరులు ఒక పరిశోధన చేసి 1999లో ఫలితం ప్రకటించారు. తమ చేతుల కదలికపై మనసు పెట్టినవారికన్నా, కర్ర కదలికపై మనసు పెట్టినవారే గురి బాగా నేర్చుకున్నారు.

ఇది గోల్ఫుకే పరిమితం కాదు. నాచారం పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద చెయ్యి తిరిగిన కార్మికుణ్ణి అడగండి. టూలు మొద్దుబారిన సంగతి శబ్దాన్నిబట్టే చెబుతాడు. ఆ నేర్పు పుస్తకంలో దొరకదు. పనిలోనే అబ్బుతుంది.

ఆటా అంతే. బ్రాడ్‌మన్ బాల్యంలో స్టంపు పుచ్చుకుని, గోల్ఫ్ బంతిని నీళ్ల ట్యాంకు దిమ్మకేసి కొట్టి, ఎటు ఎగిరి వస్తుందో తెలియని ఆ బంతిని మళ్లీ కొట్టేవాడు. పక్కన నిలబడి తప్పులు ఎంచేవారు లేరు. మన హైదరాబాదు సంగతే చూడండి. 1984-85లో తొలి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టిన అజరుద్దీన్ బలం మణికట్టులో ఉంది. 2001లో కోల్‌కతాలో 281 పరుగులు చేసిన లక్ష్మణ్, లెగ్ స్టంపు అవతల వార్న్ వేసిన బంతులను ఒకసారి కవర్స్ మీదుగా, మరోసారి మిడ్ వికెట్ వైపు తరలించాడు. అంత తక్కువ వ్యవధిలో సూత్రాలు నెమరు వేసుకోవడం ఎవరి తరమూ కాదు. చేతికే తెలియాలి.

పునాది అక్కర్లేదని కాదు. బ్యాటు పట్టే తీరు, నిలబడే తీరు నేర్పవలసిందే. ఆ తర్వాత కొంతసేపు శిక్షకులు నోరు కట్టుకోవాలి. బంతి ఎక్కడికి పంపాలో మాత్రం చెప్పి, ఎలా పంపాలో కుర్రవాడికే వదిలేయాలి. రోజూ చివరి అరగంట ఇలా ఆడనిస్తే ఫీజుకు తగిన ఫలితం ఉంటుంది. అదిలింపులకు విసిగి ఆట మానేసేవారూ తగ్గుతారు.

ఫీజు కట్టలేని పిల్లల మాటేమిటి? ఇంట్లో పడితే ఔట్ అనే గల్లీ నిబంధన బంతిని నేల మీదుగా కొట్టడం నేర్పింది. ఇప్పుడు ఆ గల్లీల నిండా వాహనాలే. ప్రభుత్వ పాఠశాలల మైదానాలను సాయంత్రాలు, సెలవు రోజుల్లో వీరికి తెరిచి ఉంచాలి. కొత్త కట్టడం అక్కర్లేదు, గేటు తాళం తీస్తే చాలు. విద్యాశాఖ, మునిసిపల్ అధికారులు ఈ వేసవి సెలవుల లోపే ఆ పని చేయాలి.