చేతికందే దూరంలో ప్రథమ చికిత్స

చాలా ఇళ్ళలో మందుల డబ్బా ఒకటి ఉంటుంది. అయితే ఆ డబ్బా అలమరలో ఉంటుంది. గాయం మాత్రం పత్తి చేనులోనో, బడి ఆవరణలోనో, పెళ్ళికి వెళ్ళే దారిలోనో తగులుతుంది. ఈ నెల మేము ప్రస్తావించదలచినది ఇంటి డబ్బాను కాదు, నిత్యం మన వెంట ఉండవలసిన అరచేతి పాటి సంచీని.

ఈ ఆలోచన మన ప్రాంతానికి కొత్తది కాదు. రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల సింగరేణి కుటుంబాలకు ఇది పరిచితమే. 1955 నాటి గనుల నియమావళి గనుల వద్ద ప్రథమ చికిత్స ఏర్పాట్లు ఉండాలని చెప్పి ఊరుకోలేదు. ఆ చికిత్సలో అర్హత పొందిన సర్దార్లు, షాట్‌ఫైరర్ల వంటివారు విధుల్లో ఉన్నంతసేపూ క్రిమిరహితమైన కట్టు గుడ్డను, క్రిమినాశక మందును తమ వద్దే ఉంచుకోవాలని నిర్దేశించింది. నేల అడుగున గాయపడిన కార్మికుణ్ణి పైకి చేర్చడానికి సమయం పడుతుంది. కారే రక్తం అంతసేపు ఆగదు. అందుకే వస్తువులు కొద్దిగా ఉన్నా, అవి మనిషి దగ్గరే ఉండాలన్నారు.

గని బయట జీవించే మనకూ ఇదే వర్తిస్తుంది. రాజీవ్ రహదారి మీద, నిర్మల్, ఆదిలాబాద్‌ల మీదుగా సాగే 44వ జాతీయ రహదారి మీద వాహనాల వేగం మనకు తెలుసు. తిర్యాణి, నార్నూర్ వైపు గూడేలకు వానాకాలంలో వాగులు దాటి అంబులెన్సు చేరడం ఎంత కష్టమో కూడా తెలుసు. 108కు ఫోన్ చేయడం మొదటి పని. కానీ పెద్ద రక్తనాళం తెగితే ప్రాణం పోవడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ నిమిషాల్లో పక్కన ఉన్నవారే వైద్యులు.

హిజ్రీ 5వ సంవత్సరంలో జరిగిన ఖందఖ్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (ర) చేతికి బాణం తగిలినప్పుడు, దైవప్రవక్త (స) ఆయనను మస్జిద్‌లో ఉన్న హజ్రత్ రుఫైదా (ర) గుడారంలో ఉంచారు. క్షతగాత్రులకు సేవ చేయడం ఆ మహిళ ఎంచుకున్న కార్యం. చికిత్స గాయపడినవారికి చేరువలో ఉండాలన్న నియమం అక్కడ కూడా కనిపిస్తుంది.

సంచీలో ఏముండాలి?

జిప్పు ఉన్న, నీరు చొరబడని చిన్న సంచీ ఒకటి తీసుకోండి. అందులో ఇవి అమర్చండి: ఒక జత రబ్బరు చేతి తొడుగులు, విడివిడిగా సీలు చేసిన గాజు గుడ్డ ముక్కలు అయిదు, మూడంగుళాల వెడల్పు గల చుట్ట బ్యాండేజీ ఒకటి, బ్యాండ్‌ఎయిడ్‌లు ఎనిమిది, అతికించే ప్లాస్టరు చుట్ట, పోవిడోన్ అయోడిన్ మలాము చిన్న ట్యూబు, మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెర, పిన్నీసులు నాలుగు, సబ్బు ముక్క, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు కొన్ని. విరిగిన చేతిని మెడకు వేలాడదీయడానికి వేరే గుడ్డ అవసరం లేదు, దుపట్టా చాలు.

వీటితోపాటు ఒక చీటీ తప్పనిసరి. మీ పేరు, రక్తం గ్రూపు, వాడుతున్న మందులు, పడని మందులు, ఇంటివారి ఫోన్ నంబర్లు అందులో రాయండి. మధుమేహం ఉన్నవారు చక్కెర లేదా గ్లూకోజు పొట్లం ఉంచుకోవాలి. యాంటీబయాటిక్ మాత్రలు, ఇతరులకు రాసిచ్చిన మందులు ఈ సంచీలో ఉండరాదు.

ఎలా వాడాలి?

రక్తం కారుతుంటే గాజు గుడ్డను గాయంపై ఉంచి అరచేతితో గట్టిగా అదిమి పట్టండి. ఆగిందో లేదో చూడటానికి మధ్యలో తీయవద్దు. పది నిమిషాలు అలాగే ఉంచండి. గుడ్డ తడిస్తే దానిపైనే మరొకటి పెట్టి ఇంకా గట్టిగా అదమండి. పసుపు, కాఫీ పొడి అద్దవద్దు.

కాలిన గాయాన్ని ఇరవై నిమిషాలు చల్లని ధార నీటి కింద ఉంచాలి. టూత్‌పేస్టు, మంచుగడ్డ హాని చేస్తాయి. కుక్క కరిస్తే సబ్బుతో, ధార నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే టీకా కోసం ఆసుపత్రికి వెళ్ళాలి. సబ్బు ముక్క ఉంచమన్నది ఇందుకే.

పాము కాటుకు మన సంచీలో మందు లేదు. తాడుతో బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ప్రమాదకరం. ఉంగరాలు, గాజులు తీసివేసి, కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా విషవిరుగుడు ఇంజెక్షన్ లభించే ఆసుపత్రికి చేర్చాలి.

ఎండదెబ్బ తగిలినవారిని నీడకు చేర్చి, ఒంటిని తడిపి, గాలి విసరాలి. స్పృహ ఉంటేనే, పొట్లంపై సూచించిన కొలత నీటిలో ఓఆర్ఎస్ కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏదీ పోయరాదు.

జాగ్రత్తలు

మే నెలలో మన జిల్లాల్లో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. బైకు పెట్టెలోనో, కారు అద్దం దగ్గరో వదిలేసిన మాత్రలు చెడిపోతాయి. ప్లాస్టరు జిగురు కరుగుతుంది. సంచీ మీ చేతి బ్యాగులోనో, పిల్లల బడి సంచీలోనో ఉండనివ్వండి. పిల్లల సంచీలో మాత్రలు, కత్తెర వద్దు. వేసవికి ముందొకసారి, వానలకు ముందొకసారి గడువు తేదీలు చూసి, వాడినవాటిని తిరిగి నింపండి.

పోలీసు కేసులకు భయపడి చాలామంది ప్రమాద స్థలం నుండి తప్పుకుంటారు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం, సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ కల్పించింది. తరువాతి నియమాల ప్రకారం వారిని పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయరాదు.

సంచీ కొనడంతో పని పూర్తి కాదు. ఈ శుక్రవారం ఇంటిల్లిపాదీ కూర్చుని సంచీ విప్పండి. ప్రతి వస్తువూ దేనికో పిల్లలచేత చెప్పించండి. ఒకరి చేతికి మరొకరు కట్టు కట్టి చూడండి. వాడటం చేతనైనప్పుడే ఆ సంచీ వెంట ఉన్నట్టు.