ఆ కారు కిందికి ఒకసారి వంగి చూడమనండి

తెలంగాణ రవాణా శాఖ కమిషనర్ గారికి,

హైదరాబాద్‌లో నాకొక కార్ల గ్యారేజీ ఉంది. ఈమధ్య షెడ్డుకు వస్తున్న కుర్రాళ్ళు పదేపదే అడుగుతున్నది ఒకటే. "అన్నా, సైలెన్సర్‌లోంచి మంట రావాలి, ఎంతవుద్ది?" చేయనని చెప్పి పంపించేస్తాను. వాళ్ళు ఇంకో షెడ్డుకు వెళ్ళి చేయించుకుంటారు. రాత్రి పొద్దుపోయాక కోకాపేట వైపు వెడల్పు రోడ్ల మీద ఆ మంటల్ని మీ సిబ్బంది కూడా చూసే ఉంటారు. ఈ పని ఎలా చేస్తారో, మీ తనిఖీలకు ఎందుకు చిక్కదో తెలిసినవాణ్ణి కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

ఇంజిన్లో కాలాల్సిన పెట్రోలు కాలకుండా సైలెన్సర్ పైపులోకి వచ్చి అక్కడ అంటుకుంటే పుట్టేదే ఈ మంట. 1950ల నాటి అమెరికా హాట్‌రాడ్ కుర్రాళ్ళు దీనికో మార్గం కనిపెట్టారు. పైపు చివర ఒక స్పార్క్ ప్లగ్ బిగించి, దానికి విడిగా ఇగ్నిషన్ కాయిల్ ఇచ్చి, డాష్‌బోర్డు మీద స్విచ్చి పెట్టేవారు. స్విచ్చి నొక్కితే ఇంజిన్లో స్పార్క్ ఆగి పైపు చివర మొదలవుతుంది. కాలని పెట్రోలు ఆవిరి వెనక భగ్గుమంటుంది. అది కార్బ్యురేటర్ల కాలం నాటి పద్ధతి.

ఇప్పుడు పానా పట్టనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌ను కారులో లోపాలు చదివే ఓబీడీ పోర్టుకు తగిలించి, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరైన ఈసీయూలో సాఫ్ట్‌వేర్‌ను మార్చేస్తారు. దీన్నే రీమ్యాప్ అంటారు. మామూలుగా అయితే వేగంగా వెళ్తూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఈసీయూ ఇంజెక్టర్లను మూసేస్తుంది, పెట్రోలు చుక్క పడదు. రీమ్యాప్‌లో ఆ కట్టడి ఎత్తేస్తారు. స్పార్క్‌ను ఆలస్యం చేస్తారు. ఇక కాలు తీసిన ప్రతిసారీ పెట్రోలు పైపులో పేలుతుంది. ‘పాప్స్ అండ్ బ్యాంగ్స్’ అని కుర్రాళ్ళు ముచ్చటగా చెప్పుకునేది దీన్నే. చప్పుడొక్కటే చాలదు, మంట కనపడాలి అనుకుంటే దారిలో అడ్డున్న క్యాట్‌కాన్‌ను, అంటే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, పీకేసి ఖాళీ పైపు వెల్డింగ్ చేస్తారు.

ఆ క్యాట్‌కాన్ డబ్బాలో తేనెపట్టులాంటి పింగాణీ గదులుంటాయి. వాటి మీద ప్లాటినం, పలేడియం, రోడియం పూత. కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోలును, నైట్రోజన్ ఆక్సైడ్లను అదుపు చేసేది అదే. దాన్ని పీకకుండా రీమ్యాప్ మాత్రమే చేయించుకున్న కారు ఒకటి మా ర్యాంపు ఎక్కింది. బండి లాగడం లేదని తెచ్చారు. క్యాట్‌కాన్ విప్పి కదిపితే లోపల ముక్కలు గలగలమన్నాయి. ముందువైపు గదులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి గాలి దూరే సందు లేకుండా మూసుకుపోయాయి. ఆ పింగాణీ కరగాలంటే వేడి వెయ్యి డిగ్రీలు ఎప్పుడో దాటి ఉండాలి. వెనక బంపర్ కింది అంచు వంకర్లు తిరిగి, రంగు బుడగలు లేచింది. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో పెట్రోలు ట్యాంకు వెనక సీటు కిందే ఉంటుంది, సైలెన్సర్ పైపు దాని పక్కనుంచే పోతుంది. ఆ కారు నడిపేది ఇంజినీరింగ్ చదివే కుర్రాడు. చెక్ ఇంజిన్ లైటు చాలా రోజులుగా మిణుకుమిణుకుమంటోందని, అది మామూలేనని ట్యూనింగ్ చేసినాయన చెప్పాడని అన్నాడు. కాలని పెట్రోలు క్యాట్‌కాన్‌లోకి పోతోంది, ఇక బండి ఆపు అని చెప్పడానికే ఆ లైటు అలా వెలిగి ఆరుతుంది.

సొంత కారు పాడుచేసుకుంటే వాళ్ళ నష్టం. నా భయం వెనకున్నవాళ్ళ గురించి. మన ఊళ్ళో సిగ్నల్ పడితే కారు బంపర్‌కు జానెడు దూరంలో స్కూటర్లు వచ్చి ఆగుతాయి. స్కూటర్ ముందుభాగంలో నిలబడ్డ పిల్లవాడి కాళ్ళు సరిగ్గా సైలెన్సర్ పైపు ఎత్తున ఉంటాయి. వెనక కూర్చున్న తల్లి చీరకొంగో చున్నీయో గాలికి ఎగురుతుంటుంది. ఇక పెట్రోల్ బంకు సంగతి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేలకు దగ్గరగా పాకుతుంది. బీడీ వెలిగించనివ్వని చోటికి, సరిగ్గా ఆ ఎత్తున నిప్పు కక్కే పైపుతో కారు వస్తోంది. ఇదంతా సైలెన్సర్ చప్పుడు కేసుగానే చూస్తే సగమే చూసినట్టు.

చట్టం లేదనను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ ఏడాదే వచ్చిన సవరణలో 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. రీమ్యాప్‌కు, పైపులకు పెట్టే ఖర్చు ఆ ఐదు వేలకు ఎన్నో రెట్లు. విశాఖలో పోలీసులు సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారు, మంచిదే. రీమ్యాప్‌ను మాత్రం ఏ రోలరూ తొక్కలేదు. అది ఈసీయూలో ఉంటుంది.

పొల్యూషన్ పరీక్షలోనూ అది బయటపడదు. బండిని నిలబెట్టి కొలుస్తారు. మంట వచ్చేది పరుగెత్తే బండిలో కాలు తీసినప్పుడు. పైగా ఇప్పటి రీమ్యాప్‌లలో స్విచ్చి నొక్కి మామూలు మ్యాప్‌కు మారే సౌకర్యం ఉంది. పరీక్షకు ముందు మార్చుకుంటారు, తర్వాత మళ్ళీ మొదలు. హాట్‌రాడ్లు పుట్టిన కాలిఫోర్నియానే చూడండి. 2021 జూలై నుంచి అక్కడి పొగ తనిఖీలో ఈసీయూ సాఫ్ట్‌వేర్‌ను కూడా చదువుతున్నారు. ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ కాకుండా, ఆమోదం లేనిది ఉంటే బండి ఫెయిల్. ఓబీడీ స్కానర్‌తో నిమిషాల్లో అయ్యే పని అది. మా షెడ్డులో రోజూ వాడే పరికరమే.

అందుకే నా మనవి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేముందు కారు కిందికి వంగి క్యాట్‌కాన్ ఉందో లేదో చూడమనండి, దాని ఫోటో రికార్డులో పెట్టమనండి. అనుమానం ఉన్న బండికి స్కానర్ తగిలించి సాఫ్ట్‌వేర్ గుర్తింపు సంఖ్యను కంపెనీ ఇచ్చినదానితో పోల్చమనండి. మంటలు కక్కే బండి దొరికితే చలానా రాసి వదిలేయకుండా ఎవరు చేశారో అడగండి, ఆ షెడ్డుకు వెళ్ళండి. నా షెడ్డుకూ రండి, ర్యాంపు ఎక్కించి అన్నీ చూపిస్తాను.

ఇంకొక్క మాట. ఈ కుర్రాళ్ళు దొంగలు కారు, కార్లంటే పిచ్చి ప్రేమ ఉన్నవాళ్ళు. బహదూర్‌పురాలో సుధాకర్ గారు బూటు, బ్యాటు, కెమెరా ఆకారాల్లో కార్లు చేసి మ్యూజియంలో పెడితే ఊరంతా వెళ్ళి చూస్తోంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల రేసు జరిగినప్పుడు వీళ్ళంతా ఎగబడ్డారు. సరదా తీర్చుకోవడానికి తమిళనాడులో శ్రీపెరంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరుకో పొమ్మంటే ఎంతమంది పోగలరు? ఊరి బయట మూసిన మైదానంలో, ఫైరింజన్‌ను పక్కన నిలబెట్టి, నెలకొకసారైనా అనుమతి ఇవ్వండి. మంట బండిని ట్రెయిలర్ మీద తెచ్చి ట్రెయిలర్ మీదే తీసుకుపోవాలని షరతు పెట్టండి. ఆ ఏర్పాటుకు నాలాంటి మెకానిక్‌లు ఉచితంగా పనిచేయడానికి సిద్ధంగా ఉన్నారు. రోడ్డు మీద మాత్రం ఒక్క మంట కూడా కనపడకుండా చూడండి.

ఇట్లు,
ఒక కార్ల మెకానిక్,
హైదరాబాద్