గుండె గోడయు చిఱుత ఆర్.ఎన్.ఏ.లును

పుట్టిన బిడ్డ గుండెలో రంధ్రమున్నదని వైద్యుడు చెప్పగానే ఇంటిల్లిపాదియు తల్లివైపు చూతురు. గ్రహణమునాడు కదలినదని యొకరు, తినరానిది తిన్నదని యొకరు నిందింతురు. అట్టి నిందలు విని విసిగియే సోదరీమణులకు మేమీ సంగతులు వ్రాయుచున్నాము.

పిండములో గుండె మొదట నొక గొట్టము మాత్రమే. ఫలదీకరణము జరిగిన సుమారు 22 దినములకే యది కొట్టుకొన నారంభించును. అప్పటికి తాము గర్భవతులమని పెక్కుమందికి రూఢిగా తెలియనైన తెలియదు! ఎనిమిదవ వారము నాటికి గొట్టము నాలుగు గదులగును.

ఇందులకు వలయు వ్రాత యంతయు కణములోని డి.ఎన్.ఏ.లో నున్నది. పెట్టెలో భద్రపఱచిన వంటపుస్తకము వంటిదది. కావలసిన పుటకు నకలు వ్రాసి వంటయింటికి పంపినట్లు, కణము సందేశ ఆర్.ఎన్.ఏ.ను పంపును, దానినిబట్టి మాంసకృత్తులు తయారగును. కాని పప్పు ఉడికిన పిమ్మటను పొయ్యి మండుచునే యున్న మాడిపోవును గదా! "ఇక చాలు" ననువారును ఉండవలెను. సుమారు 22 అక్షరముల పొడవుగల సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.ల పని యదియే. అవి నకలును అంటుకొని దానిని చదువనీయవు, ఒక్కొక్కప్పుడు నశింపజేయును.

విక్టర్ ఆంబ్రోస్, గారీ రవ్‌కున్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1993లో మిల్లీమీటరు పొడవైన యొక పురుగునందు వీనిని వెల్లడించిరి. లిన్-4 అను చిఱుత ఆర్.ఎన్.ఏ. లోపించిన పురుగు బాల్యదశనే మఱల మఱల నడచును. గ్రుడ్లు పెట్టు ద్వారమే దానికేర్పడదు. 2000లో లెట్-7 అను మఱియొకటి మనుష్యులయందును కనబడిన పిమ్మటగాని లోకము దీనిని గట్టిగా పట్టించుకొనలేదు. 2024లో వారిరువురకు నోబెల్ బహుమానము లభించినది.

ఇక గుండె సంగతి. 2007లో సాన్‌ఫ్రాన్సిస్కోలో దీపక్ శ్రీవాస్తవగారి బృందము గుండెకండరమునందుండు మిర్-1-2 అనుదానిని చిట్టెలుకలలో తొలగించి చూచినది. వానిలో సుమారు సగము మరణించినవి. అందు పెక్కింటికి గుండె క్రింది గదుల నడిమిగోడ పూర్తిగా మూసికొనక రంధ్రము మిగిలినది. బ్రదికినవానిలో కొన్నిటికి గుండె లయ తప్పినది. ఆ తల్లియెలుకలు ఏ గ్రహణమునాడు కదలినవి?

మనుష్యశిశువుల రంధ్రములన్నిటికి నిదియే కారణమని మేమనము. తల్లికి ముందునుండియున్న మధుమేహము, తొలినెలలలో సోకిన రుబెల్లా, కొన్ని మందులు గూడ గుండెకు కీడు చేయగలవు. కావున గర్భము ధరింపకమునుపే వైద్యుని సంప్రదించుట మేలు. చిన్న రంధ్రములు పెక్కు తమంత తామే పూడును. పెద్దవానికి శస్త్రచికిత్స కలదు.