ఈ పుడ్డింగ్‌లో తీపి ఉండదు!

పుడ్డింగ్ అనగానే మనకి పాలూ పంచదారా గుర్తొస్తాయి. ఇంగ్లండ్‌లో ఎవరైనా 'స్టేక్ అండ్ కిడ్నీ పుడ్డింగ్' వడ్డిస్తే మాత్రం చెంచా ముంచేముందు ఒక్క క్షణం ఆగండి. అందులో ఉండేది గొడ్డు మాంసం, కిడ్నీ ముక్కలు, ఉల్లిపాయలు, చిక్కటి రసం. వాటి చుట్టూ మెత్తటి పిండి తొడుగు.

వండే తీరు మాత్రం మన అమ్మమ్మలకి ఇట్టే అర్థమైపోతుంది. బేకింగ్ పౌడర్ కలిసిన మైదాలో దాని తూకంలో సగం 'సూయెట్' వేసి చన్నీళ్లతో కలుపుతారు. పశువు కిడ్నీ చుట్టూ ఉండే గట్టి కొవ్వునే సూయెట్ అంటారు. ఆ పిండిని వత్తి లోతైన పింగాణీ గిన్నె లోపల అంచులదాకా పరిచి, పచ్చి మాంసం ముక్కలు నింపి, పిండితోనే మూత వేస్తారు. పైన కాగితం, గుడ్డ కప్పి దారంతో బిగిస్తారు. అచ్చం వాసెన కట్టినట్టే! కాకపోతే గుడ్డకి ఒక మడత వదలాలి. ఆవిరికి పొంగే పిండికి చోటు కావాలిగా. ఇక నాలుగైదు గంటలు పొయ్యి మీదే. నీళ్లు తగ్గినప్పుడల్లా కాగే నీళ్లే పోయాలి. సూయెట్ ఆలస్యంగా కరుగుతుంది. అప్పటికే పిండి గట్టిపడటంతో కొవ్వు ఉన్నచోట సన్నటి ఖాళీలు ఏర్పడి తొడుగు గుల్లగా వస్తుంది. చవగ్గా దొరికే ముదురు మాంసమూ ఈలోగా వెన్నలా ఉడుకుతుంది.

పేదింటి గృహిణికి ఇదెంత పరీక్షో చార్లెస్ డికెన్స్‌కి తెలుసు. 1843-44లో వచ్చిన 'మార్టిన్ చజిల్‌విట్' నవలలో రూత్ పించ్ ఓ ధనికుల ఇంట్లో పిల్లలకి చదువు చెబుతుంటుంది. అక్కడ ఆమెకి జరుగుతున్న అవమానం చూడలేక అన్న టామ్ వెంటబెట్టుకొచ్చేస్తాడు. చేతిలో ఉన్నది అంతంతమాత్రం. ఇజ్లింగ్టన్‌లో చిన్న అద్దె గదుల్లో కాపురం. అక్కడ ఆమె మొదట తలపెట్టిన వంట ఈ మాంసం పుడ్డింగే. అది కాస్తా సూప్ అయిపోతుందేమోనని ఆ పిల్ల బెంగ! పాడైతే మళ్లీ మాంసం కొనే స్తోమత వాళ్లకెక్కడిది? ఎలైజా ఆక్టన్ అనే రచయిత్రి తన వంట పుస్తకంలో సూయెట్‌కి బదులు వెన్న, నాలుగు గుడ్ల సొనలతో చేసే పుడ్డింగ్‌కి ఏకంగా రూత్ పించ్ పేరే పెట్టేసింది. నవలలోని అమ్మాయి పేరు వంటకి పెట్టడం భలే ముచ్చట కదూ!

కిడ్నీ కలిపిన పుడ్డింగ్‌ని 1861లో మిసెస్ బీటన్ పుస్తకం ఇంటింటికీ చేర్చింది. లండన్‌లో ఒకప్పటి పత్రికల వీధి ఫ్లీట్ స్ట్రీట్‌లో 'యే ఓల్డ్ చెషైర్ చీజ్' అనే పాత పబ్ ఉంది. 1666 అగ్నిప్రమాదం తర్వాత మళ్లీ కట్టిన భవనమది. మా వృత్తివాళ్లు అక్కడ లొట్టలేసుకుంటూ తిన్న పుడ్డింగ్‌లో ఆల్చిప్పల మాంసం, భరత పక్షులు కూడా ఉండేవట. ఆ రోజుల్లో ఆల్చిప్పలు పేదల తిండి. మాంసం తక్కువైతే వాటితో గిన్నె నింపేవారు. ఇప్పుడు లండన్‌లో ఆల్చిప్పలు తినాలంటే జేబు తడుముకోవాల్సిందే.