బీరువాలో బండి – నా అభిప్రాయం



ఈసారి సైన్సు గది బీరువాలో ఉన్న రిమోట్ ట్రక్కు గురించి రాస్తున్నాను. ఆటబొమ్మ గురించి ఇంత రాతెందుకని కొందరు నవ్వొచ్చు. నవ్వండి, కానీ చదివాక నవ్వండి.

సంగతి అందరికీ తెలిసిందే. జనవరిలో కొల్లేరు విహారయాత్రకు బండిని కూడా తీసుకెళ్ళాం. ఆటపాకలో గూడబాతులను చూసి తిరిగి వస్తుంటే, కైకలూరు దారిలో ఒక చేపల చెరువు గట్టు మీద పదో తరగతి అన్నలు దాన్ని నడిపారు. అది గట్టు దిగి బురదలో కూరుకుపోయింది. పైకి లాగి, సంచిలో వేసి, అలాగే తెచ్చారు. వారం పోయాక చూస్తే వెనక చక్రం తిరగలేదు. "చిన్నపిల్లల చేతికిస్తే ఇంతే" అని మాటొచ్చింది, బీరువాకు తాళం పడింది. నడిపిందెవరు, మాటపడిందెవరు అన్న తగువు ఇప్పుడు వద్దు. కానీ అప్పట్నుంచి హాస్టల్లో రెండే మాటలు వినిపిస్తున్నాయి. ఒకటి, బండి బీరువాలోనే ఉండాలి, లేకపోతే విరుగుతుంది. రెండోది, అందరం చందా వేసుకుని పెద్ద మోటారు కొనాలి. నా దృష్టిలో రెండూ తప్పే.

అసలు చక్రం ఎందుకు పట్టేసిందో సైన్సు మేష్టారు మూత విప్పిన రోజు చూశాం. మోటారుకు ఏమీ కాలేదు. ఇరుసుకీ, అది తిరిగే బుష్షుకీ మధ్య నల్లమట్టి చేరి ఎండిపోయింది. కొల్లేరు మట్టి అలాంటిది. తమ్మిలేరు, బుడమేరు లాంటి ఏర్లు తెచ్చి పోసిన మెత్తటి ఒండ్రు. తడిగా ఉంటే జిగురు, ఎండితే ఇటుక. మన బుట్టాయగూడెం వైపు నేల అలా కాదు, ఇసుక కలిసిన ఎర్రమట్టి. అది పట్టెయ్యదు, లోపలికి దూరి ఆకురాయిలా అరగదీస్తుంది. అంటే అక్కడ నడిపితే ఒక రకం శుభ్రం, ఇక్కడ నడిపితే ఇంకో రకం శుభ్రం కావాలి. పెట్టె మీద "నీళ్ళు తగిలినా ఫర్వాలేదు" అని రాసుంది కదా అని అన్నలు అంటున్నారు. ఆ మాట రిసీవరుకీ, మోటారుకు కరెంటు పంచే డబ్బాకీ వర్తిస్తుంది. బుష్షులకూ, మరలకూ వర్తించదు. తుప్పు పట్టే ఇనుము పెట్టె మీద రాత చదవదు.

బురద పడ్డ బండిని కుళాయి కింద పెట్టకూడదు. నీళ్ళ ధాటికి మట్టి ఇంకా లోపలికి పోతుంది. ముందు బ్యాటరీ తీసెయ్యాలి. పైన ముద్దలుగా ఉన్నది వేలితో తీసి, మిగిలింది ఆరనిచ్చి పాత టూత్ బ్రష్షుతో దులపాలి, తర్వాత తడిగుడ్డతో తుడవాలి. చక్రాలు ఊడదీసి ఇరుసు తుడిచి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వెయ్యాలి. ఒక్క చుక్క చాలు. ఎక్కువ వేస్తే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. బయటికి కనబడే ప్లాస్టిక్ పళ్ళ చక్రాలకు అసలు వెయ్యొద్దు. ఆఖర్న మరలన్నీ ఒకసారి బిగించి చూడాలి. ఇదంతా అరగంట పని. ఈ అరగంట ఎవరూ పెట్టకపోవడం వల్లే ఇన్ని నెలలు బండి బీరువాలో ఉంది.

ఇక పెద్ద మోటారు సంగతి. వేలల్లో మాట అది. పోనీ కొన్నామనుకోండి, మోటారు బలం పెరిగితే ఆ దెబ్బ తగిలేది పక్కనున్న ప్లాస్టిక్ పళ్ళ చక్రానికి. పళ్ళు ఊడితే ఇనప చక్రం కావాలంటారు, అది వేస్తే ఇరుసు వంగిందంటారు. చందాలకు అంతుండదు. వేగం కావాలంటే మోటారు మీదుండే చిన్న చక్రానికి రెండు పళ్ళు పెంచినా చాలు. సైకిలుకు ముందు పెద్ద పళ్ళచక్రం ఉంటే ఎట్టా పరుగెడుతుందో, ఎత్తు ఎక్కేటప్పుడు ఎట్టా ఆయాసపడతామో మనకు తెలుసు కదా. మోటారుకూ అంతే, పళ్ళు పెంచితే వేడెక్కుతుంది. ఐదు నిమిషాలు నడిపి మోటారు మీద వేలు పెట్టి చూడండి. వేలు నిలవకపోతే పళ్ళు తగ్గించాల్సిందే. బురదలోకి తగ్గించడమే మంచిది. ఆ రెండు చక్రాలను బిగించేటప్పుడు మధ్యలో నోటుబుక్కు కాగితం ముక్క పెట్టి బిగించి, తర్వాత కాగితం లాగేస్తే సరిపడా సందు మిగులుతుంది. ఖర్చు లేదు.

చందా వెయ్యాల్సిందే అయితే నేనడిగేది ఒక్కటే. బుష్షులు తీసేసి బాల్ బేరింగులు వేద్దాం. కొన్ని వందలతో అయిపోతుంది. చక్రం తేలిగ్గా తిరుగుతుంది, అదే బ్యాటరీ ఇంకాసేపు వస్తుంది. మిగిలితే ఒక మంచి స్క్రూడ్రైవర్, అలెన్ కీలు కొందాం.

వేగం వేగం అనే అన్నలకు ఒక మాట. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. అందులోంచి వచ్చిన ప్రజ్ఞాన్ బండి కూడా భూమి మీద నుంచి రేడియోతో నడిపినదే. ఆరు చక్రాలు, 26 కిలోలు. దాని వేగం సెకనుకు ఒక్క సెంటీమీటరు! మన ట్రక్కు ముందు నత్తే. కానీ అక్కడ చక్రం పట్టేస్తే ఊడదీసి తుడిచేవాడు లేడు కాబట్టి, పట్టెయ్యకుండా ఉండేటట్టు ఇక్కడే చూసుకుని పంపారు.

ఇంకో సంగతి. 1976లో జపాన్లో టమియా కంపెనీ తన మొదటి రేడియో కారును విడిభాగాలుగా అమ్మింది. కొన్నవాళ్ళే కూర్చుని బిగించుకోవాలి. అందుకని ఏ మర ఎక్కడుందో వాళ్ళకు తెలుసు. మనకొచ్చింది తయారు బండి. నడపడం మొదటిరోజే వచ్చేసింది, లోపలేముందో ఎవరికీ తెలియలేదు. తెలియాలంటే విప్పాలి. "మీకు విప్పడమే గాని బిగించడం రాదు" అంటారు. విప్పనిస్తేనే కదండీ బిగించడం వచ్చేది? మన ఇళ్ళలో గొడ్డలి పిడి ఊడితే, నాగలి కర్రు అరిగితే మన నాన్నలు ఎవర్నీ పిలవరు. ఆ ఇళ్ళ పిల్లలకు స్క్రూడ్రైవర్ ఇవ్వడానికి అంత భయమెందుకో నాకు అర్థం కాదు.

వార్డెన్ గారి భయం ఒక్క విషయంలో మాత్రం న్యాయం. బ్యాటరీ ఛార్జింగు. రాత్రి మంచం పక్కన పెట్టి నిద్రపోవడం ఎవరికీ తగదు. లిథియం బ్యాటరీ అయితే మరీ ప్రమాదం, ఉబ్బిందంటే వాడకూడదు. కాబట్టి ఛార్జరు సైన్సు గదిలోనే ఉండాలి, మేష్టారు ఉన్నప్పుడే పెట్టాలి. దీనికి నేను సంతకం పెడతాను.

తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు దగ్గర లారీ ఆగగానే ఎవరు దిగుతారు? క్లీనరు. టైరును రాడ్డుతో కొట్టి చూస్తాడు, కట్టలు వంగి చూస్తాడు. అట్టా కొన్నేళ్ళు చేశాకే స్టీరింగు పట్టుకుంటాడు. మన బండికీ అదే పద్ధతి పెట్టమని మనవి. ఆదివారం భోజనాలయ్యాక వంతుల ప్రకారం ఇద్దరికి తాళం ఇవ్వండి, ఒకరు పెద్ద తరగతి, ఒకరు ఆరో ఏడో తరగతి. అరగంట క్లీనరు పని, తర్వాత పది నిమిషాలు డ్రైవరు పని. ఏం విప్పారో, ఏం అరిగిందో ఒక నోటుబుక్కులో రాసి సంతకం చెయ్యాలి. క్లీనరు పని చెయ్యనివాడికి, పదో తరగతైనా సరే, రిమోట్ ఇవ్వొద్దు.

వార్డెన్ గారు ఒప్పుకుంటే మొదటి వంతుకు నా పేరు రాయండి. ఎవరి దగ్గరైనా అరిగిపోయిన టూత్ బ్రష్షులుంటే పారెయ్యకుండా సైన్సు గది కిటికీలో పెట్టండి.

– 9వ తరగతి విద్యార్థి