చిత్రం క్రింద లేని పేరు

ఖరగ్‌పూరులో పుట్టి పెరిగిన తెలుగువారికి సాలవృక్షాన్ని పరిచయం చేయనక్కరలేదు. మేదినీపురం దాటి ఉత్తరంగా పోయే రైలుకు తగిలే సాల్‌బనీ స్టేషను పేరుకే సాలవనమని అర్థం. ఒకప్పుడు పట్టాల క్రింద పరచిన స్లీపరు దిమ్మలలో ఈ కలపదే పెద్దపీట. దీని శాస్త్రీయ నామం షోరియా రోబస్టా. ఆ పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు వైద్యుడు. 1793 నుంచి 1798 వరకు గవర్నరు జనరలుగా ఉన్న సర్ జాన్ షోర్ మీది గౌరవంతో అలా పెట్టాడు. షోర్ దొర ఎన్ని సాలవృక్షాల నీడన నిలిచాడో గాని, ఆయన పేరు మాత్రం అడవులకు అడవులనే ఆక్రమించింది.

ఈ సంగతులన్నీ నేను వెదకి తెలిసికొన్నది ఒక చిన్న అనువాదం వల్ల. కోరమాండల్ తీరపు మొక్కల చిత్రాలతో జరుగనున్న ఒక ప్రదర్శనకు కరపత్రం తెలుగు చేయవలసి వచ్చింది. ప్రతి చిత్రం క్రింద రాక్స్‌బరో పేరు, బిరుదులు. వాని చివర ‘ఎనానిమస్ ఇండియన్ ఆర్టిస్ట్’ అని ఒక్క ముక్క. ‘అజ్ఞాత భారతీయ చిత్రకారుడు’ అని వ్రాసివేస్తే పని ముగిసేది. కాని కలం ఆగింది. అజ్ఞాతం ఎవరికి?

మా ఊరి మీదుగా పోయే మద్రాసు లైనులోనే దక్షిణాన సామర్లకోట జంక్షన్ ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా 1776లో మద్రాసు చేరిన రాక్స్‌బరో, 1781 నుంచి ఒక పుష్కరకాలం ఆ సామర్లకోటలోనే మొక్కలు పెంచాడు, పరిశీలించాడు. లినేయస్ శిష్యుడైన కేనిగ్ ఆయనకు స్నేహితుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. రాక్స్‌బరో ఒక చిత్రకారుని ఏండ్ల తరబడి కొలువులో ఉంచుకొని మొక్కలను వ్రాయించాడు. అలా లండనుకు చేరిన ఐదువందల చిత్రాలలోనుంచి సర్ జోసెఫ్ బ్యాంక్స్ ఏరినవి ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’గా 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 ఫలకాలతో వెలువడ్డాయి. ముఖపత్రం మీద రాక్స్‌బరో పేరుంది, బ్యాంక్స్ పేరుంది. ముద్రాపకుని పేరు, పుస్తక విక్రేత పేరు కూడ ఉన్నాయి.

ఆ చిత్రకారుని ముందున్న పని సామాన్యమైనది కాదు. మన చిత్రలేఖనంలో చెట్టు కథకు తోడుగా నిలిచేది. కృష్ణుని వెనుక కడిమి చెట్టుకు ఎన్ని కేసరాలున్నాయని ఎవరూ లెక్క అడగరు. ఇక్కడ లెక్కే ప్రాణం. లినేయస్ వర్గీకరణంలో తరగతులు ముఖ్యంగా కేసరాల సంఖ్య మీద ఆధారపడినవి; ఐదున్నచోట ఆరు వేస్తే మొక్క తరగతే మారిపోతుంది. కొమ్మను ఉన్నది ఉన్నట్లు వ్రాయాలి. అడుగున పువ్వును విప్పి కేసరాలను, అండకోశాన్ని, చీల్చిన కాయను, విత్తనాన్ని విడివిడిగా చూపాలి. కొమ్మ వాడిపోయేలోపల రంగు పట్టుకోవాలి. లండనులో ఆ చిత్రాలను రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసి, చేతితో రంగులద్దారు. మన కలంకారీ వస్త్రాలకు ఎరుపునిచ్చిన చిరివేరు మొక్క కూడ ఆ ఫలకాలలో ఉంది.

మొక్కల తెలుగు పేర్లను మాత్రం రాక్స్‌బరో శ్రద్ధగా అడిగి వ్రాసికొన్నాడు. అందుకు ఆయనకు నమస్కరించాలి. సండ్రచెట్టు ‘సుంద్రా’ అయి లాటినులోకి ఎక్కింది. మొదటి సంపుటంలో ఆయన నమోదు చేసిన ‘కారల్లం’ అనే తెలుగు మాటను బట్టే రాబర్ట్ బ్రౌన్ 1810లో ‘కారల్లూమా’ అనే ప్రజాతిని ఏర్పరచాడు. అది అరబ్బీ మాట అని వ్రాసినవారూ ఉన్నారు! ఈనాడు బరువు తగ్గించే మందులని అమ్మే సీసాల మీద మెరిసేది ఆ తెలుగు పేరే.

పేరు చెప్పినవాడూ, బొమ్మ వ్రాసినవాడూ ఏమయ్యారు?

తరువాతి తరంలో ఒక్కచోట న్యాయం జరిగింది. మద్రాసులో రాబర్ట్ వైట్ అనే వైద్యుడు రంగయ్య, గోవిందు అనే చిత్రకారుల చేత పని చేయించి, 1838 నుంచి 1853 వరకు ఆరు సంపుటాలలో రెండువేలకు పైగా శిలాముద్రణ ఫలకాలు వెలువరించాడు. వారి పేర్లను ఫలకాల క్రింద అచ్చువేయించడమే కాక, చివరి సంపుటంలో ఒక ఆర్కిడ్‌కు ‘గోవిందూయియా’ అని పేరు పెట్టాడు. గవర్నరు జనరలుకు దక్కిన మర్యాద జీతగాడికీ దక్కింది. అయితే శాస్త్రజ్ఞులు తరువాత ఆ మొక్కను ట్రోపిడియాలో కలిపివేశారు. షోరియా మాత్రం చెక్కుచెదరలేదు.

1793లో రాక్స్‌బరో శిబ్‌పూరు తోటకు అధిపతిగా వచ్చాడు. అక్కడ ఆయన వ్రాయించిన రెండువేల ఐదువందలకు పైగా చిత్రాలు నేటికీ ఆ తోటలోనే భద్రంగా ఉన్నాయి. సామర్లకోట ఒకవైపు, శిబ్‌పూరు ఒకవైపు. నడుమ మా ఖరగ్‌పూరు. మా తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి ఇదే లైను మీద వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో చేరారు. ఆయన ఇత్తడి బిళ్ల మా ఇంట ఇంకా ఉంది. దాని మీద అంకె ఉంది, పేరు లేదు. అంతమాత్రాన ఆయనను అజ్ఞాత వ్యక్తి అంటే మా నాయనమ్మ ఊరుకొనేది కాదు.

చివరకు నేను, ‘సామర్లకోటలో రాక్స్‌బరో కొలువులో ఉన్న చిత్రకారుడు వ్రాసినది, ఆయన పేరు ఎవరూ నమోదు చేయలేదు’ అని తెలుగు చేసి పంపాను. రెండురోజులకు నిర్వాహకుల నుంచి ఫోను వచ్చింది. వాక్యం పొడుగైందట, చీటీలో పట్టదట, కొంత తగ్గించవచ్చునా అని అడిగారు. డాక్టరు గారి బిరుదులు తగ్గించండి అన్నాను.