నల్లమందు పండించే దేశంలో నొప్పి

జంషెడ్‌పూర్ కద్మాలో మా పెదనాన్నగారు పోయి రెండేళ్ళు కావస్తోంది. 88వ ఏట ప్రోస్టేట్ కేన్సర్ ఎముకలకి పాకింది. పక్క మార్చబోతే వీధి చివరికి వినపడేలా అరిచేవారు. డాక్టరుగారు పారాసిటమాల్, ట్రమడాల్ రాశారు. మార్ఫిన్ ఇవ్వకూడదా అని అడిగాను.

"ఈ వయసులోనా సార్? ఊపిరి ఆగిపోవచ్చు. పైగా అలవాటు పడిపోతారు" అన్నాడాయన.

ఆయుష్షు నెలల్లో లెక్కపెడుతున్న మనిషి అలవాటు పడితే నష్టమేమిటి? ఇంటికొస్తే పెద్దమ్మ "పూర్వజన్మ కర్మరా, అనుభవించి పోవాలి" అంది. చదువుకున్నాయన, చదువుకోనావిడ తేల్చింది ఒకటే: ముసలాయన నొప్పి పడాల్సిందే.

నేను వైద్యుణ్ణి కాను. బీకాం చదివి, 36 ఏళ్ళు రక్షణ శాఖ పద్దులు చూసినవాణ్ణి. అందుకని నా దృష్టి రిజిస్టర్ల మీదికి పోయింది. 1985 మాదకద్రవ్యాల చట్టం వచ్చాక మార్ఫిన్ కొనడానికి నాలుగైదు లైసెన్సులు కావలసివచ్చేవి. లెక్క తప్పితే జైలు భయం. స్టోరులో సరుకుంటేనే కదా తరుగొచ్చేది! అసలు తెప్పించకపోతే ఏ ఆడిటరూ అభ్యంతరం రాయడు. నొప్పితో పోయినవాడి గురించి రాయడానికి రిజిస్టర్లో కాలమే లేదు. చట్టబద్ధంగా నల్లమందు పండించి విదేశాలకి అమ్మే మన దేశంలో జరిగిన సంగతి ఇది.

2014లో చట్టం సవరించి, గుర్తింపు పొందిన ఆస్పత్రికి ఒకే లైసెన్సు చాలన్నారు. మార్ఫిన్, ఫెంటానిల్ వగైరా ఆరు మందులకి ఆ వెసులుబాటు దొరికింది. దీని వెనక కేరళ డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారి ఏళ్ళ తరబడి శ్రమ ఉంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలోనూ ఈ వైద్యం చేస్తున్నారు. చట్టం మారింది గానీ భయం మారలేదు.

అమెరికా మాటేమిటంటారు కొందరు మిత్రులు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ 1996 తర్వాత ఆక్సీకాంటిన్‌ని నడుంనొప్పులకి కూడా విచ్చలవిడిగా రాయించారు, కంపెనీ అబద్ధాలు చెప్పింది, జనం చచ్చారు. కానీ అది చావుకి దగ్గరైన వృద్ధుడికి మందు లేదనడానికి సాక్ష్యం కాదు. ముసలివాళ్ళకి తక్కువ మోతాదుతో మొదలెట్టి మెల్లిగా పెంచుతారు. మూత్రపిండాలు దెబ్బతింటే ఎడం పెంచుతారు, లేదా వేరే మందుకి మారుస్తారు. మలబద్ధకం తప్పదు గనుక దానికీ మందు మొదటి రోజునుంచే ఇస్తారు. ఇది మూఢనమ్మకం కాదు, లెక్క ప్రకారం చేసే పని.

బాధని పవిత్రం చేసే జబ్బు మన కర్మసిద్ధాంతానికే పరిమితం కాదు లెండి. కలకత్తాలో మదర్ థెరిసా ఆశ్రమంలో బలమైన నొప్పి మందులు లేవని 1994లో రాబిన్ ఫాక్స్ లాన్సెట్‌లో రాశారు. హేతువాదులం ఆవిణ్ణి విమర్శించాం, బాగానే ఉంది. మన ఊరి ఆస్పత్రిలో మార్ఫిన్ ఉందా అని మనలో ఎంతమంది అడిగాం? నేనైతే ఇల్లు తగలబడేదాకా అడగలేదు.

చివరికి ఇంకో డాక్టరుగారు మార్ఫిన్ మాత్రలు రాశారు. మూడోనాటికి పెదనాన్న గోడకానుకుని కూర్చుని, కాఫీలో పంచదార తక్కువైందని పెద్దమ్మ మీద విసుక్కున్నారు. పందొమ్మిది రోజులు అలా గడిచాయి. ఊపిరి మందు వల్ల ఆగలేదు, జబ్బు వల్ల ఆగింది. కర్మ సంగతి పెద్దమ్మ మళ్ళీ ఎత్తలేదు, మాత్రల వేళ మాత్రం ఒక్కసారీ తప్పించలేదు.